వర్జీనియా అడవుల్లో తొలి వసంతపు పూలు: క్లోజప్‌లు కుదరాలంటే

ఉత్తర వర్జీనియాలో ఉంటున్నానని, ఏప్రిల్‌లో అడవి పూలు తీస్తే బ్లడ్‌రూట్ రేకులు వట్టి తెల్లమచ్చల్లా వస్తున్నాయని, బ్లూబెల్స్ షేక్ అయి పైగా నీలానికి బదులు ఊదారంగులో పడుతున్నాయని, ఏ పువ్వూ పూర్తిగా ఫోకస్‌లో ఉండట్లేదని రాశారు. చేతిలో ఉన్నది కెనాన్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18–55, 55–250 మి.మీ. లెన్సులు. మాక్రో లెన్స్ (బాగా దగ్గర నుంచి పెద్దగా తీసేది) కొనాలా అని అడిగారు.

ఈ ఏడాదికి వద్దండి. మీరు చెప్పినవాటిలో ఒక్కటీ లెన్స్ తెచ్చిపెట్టిన తంటా కాదు. వేళ, వెలుగు, కెమెరా ఎత్తు కుదిరితే మీ 55–250 చాలు. అవి కుదరకపోతే 100 మి.మీ. మాక్రోతో కూడా ఇవే ఫొటోలు వస్తాయి, కాకపోతే ఇంకాస్త దగ్గర నుంచి.

ముందు వేళ సంగతి. పైన చెట్లు చిగురించి నీడ కమ్మేలోపు నేలకు ఎండ తగిలేది కొద్ది వారాలే. ఈ మొక్కలు ఆ సందులోనే పూస్తాయి. మీ వైపు బ్లడ్‌రూట్ మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. బ్లూబెల్స్ ఏప్రిల్ నడిమిలో. తెల్ల ట్రిలియమ్ ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా. ఆ ఏటి చలిని బట్టి వారం అటూ ఇటూ అవుతుంది. ఐనాచురలిస్ట్‌లో (చూసిన మొక్కల, జంతువుల ఫొటోలు జనం పెట్టే సైటు) మీ కౌంటీ పేరు పెట్టి, ఆ వారంలో ఎవరెవరు ఏం పెట్టారో చూస్తే వెళ్లాలో వద్దో తేలిపోతుంది. బ్లూబెల్స్‌కి సెంటర్‌విల్ దగ్గరి బుల్ రన్ రీజినల్ పార్క్, ట్రిలియమ్‌కి లిండెన్ దగ్గరి థాంప్సన్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా. రెండోదానికి, వేట, చేపల లైసెన్సులాంటివి లేకపోతే, 17 ఏళ్లు నిండినవాళ్లు రాష్ట్రం ఇచ్చే యాక్సెస్ పర్మిట్ ముందే తీసుకోవాలి.

రోజులో ఏ గంటకు వెళ్లాలన్నది ఇంకా ముఖ్యం. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు చెప్పే "సూర్యోదయానికల్లా అక్కడుండాలి" అన్న మాట సగం పూలకే పనికొస్తుంది. బ్లడ్‌రూట్, స్ప్రింగ్ బ్యూటీ, హెపాటికా రాత్రి ముడుచుకుంటాయి. ఎండ తగిలి కాస్త వెచ్చబడేదాకా విచ్చుకోవు. మబ్బు పట్టి చలిగా ఉంటే రోజంతా మొగ్గల్లాగే ఉండిపోతాయి. ట్రౌట్ లిల్లీ కూడా రాత్రి రేకులు మూసి, ఎండలో వెనక్కి విరుచుకుంటుంది. బ్లూబెల్స్, డచ్‌మన్స్ బ్రీచెస్, ట్రిలియమ్‌లకు ఈ పేచీ లేదు. కాబట్టి గాలి కదలని తెల్లవారుజామున ఈ మూడింటి పని పట్టండి. తొమ్మిదిన్నర నుంచి ముడుచుకునే జాతుల దగ్గరకు వెళ్లండి. పదకొండు దాటాక నేల వేడెక్కి చిరుగాలి మొదలవుతుంది, అప్పటికి సంచి సర్దుకోవచ్చు. బ్లడ్‌రూట్ పువ్వు ఒక్కోటి నిలిచేది చాలా తక్కువ. గట్టి వాన ఒక్కటి పడితే రేకులన్నీ నేల మీదే. దీనికి తగిన రోజు: పల్చటి ఎత్తైన మబ్బు, 15 డిగ్రీల సెల్సియస్ పైన వెచ్చదనం, గాలి గంటకు 5 మైళ్ల లోపు. వాతావరణ యాప్‌లో వాన కన్నా ముందు గాలి గడి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక తెల్లమచ్చలు. ఆకుల్లేని కొమ్మల గుండా పడే ఎండ నేల మీద చారలు చారలుగా ఉంటుంది. దానిలో తెల్ల రేకు ఒకవైపు మండిపోతుంది, ఇంకోవైపు నల్లటి కొమ్మనీడ. దీనికి 30 సెం.మీ. మడత డిఫ్యూజర్ (ఎండను మెత్తబరిచే పల్చటి తెల్ల తెర) ఒకటి కొనండి, లెన్స్ కన్నా అది వేయి రెట్లు మేలు. పువ్వుకి ఫ్రేమ్ బయట, వీలైనంత దగ్గరగా పట్టాలి. ఎంత దగ్గరుంటే వెలుగు అంత మెత్తగా ఉంటుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు వెలుగు తగ్గుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగం), ఫర్వాలేదు. డిఫ్యూజర్ బదులు మీ ఒంటి నీడ వేస్తే పువ్వు మీద పడేది ఆకాశపు నీలి వెలుగు మాత్రమే. రేకులు చల్లగా నీలంగా వస్తాయి, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే సెట్టింగ్) 7000 కెల్విన్ దాకా పెంచాల్సి వస్తుంది.

చాలామంది ఇక్కడే ఒకటి వదిలేస్తారు. పువ్వు మీద డిఫ్యూజర్ పట్టి, వెనక ఎండిన ఆకుల మీద ఎండను అలాగే ఉంచేస్తారు. అప్పుడు పువ్వు కన్నా వెనకే వెలుగు ఎక్కువై, ఆ గోధుమరంగు ఆకులు తెల్లటి బొబ్బల్లా కనిపిస్తాయి. వెనక కనిపించే నేలను కూడా నీడలోకి తేవాలి. తోడు వచ్చినవాళ్లను ఎండకు అడ్డంగా నిలబెట్టండి, లేదా వెనక సహజంగా నీడ పడేలా మీరే అర అడుగు పక్కకు జరగండి. పువ్వు కింది భాగం చీకటిగా ఉంటే తెల్ల అట్టముక్క ఒకటి కింద పెట్టండి. బంగారు రంగు రిఫ్లెక్టర్ వద్దు, తెల్లపూలకు కామెర్లు వచ్చినట్టుంటుంది.

ఎక్స్‌పోజర్ విషయంలో కెమెరా తప్పు చేయడానికి కారణం ఉంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం ముదురు ఆకులే ఉంటే, వెలుగు కొలిచే మీటర్ వాటిని మధ్యస్థం చేయాలని మొత్తం వెలుగు పెంచేస్తుంది, మధ్యలో ఉన్న తెల్ల రేకు కాలిపోతుంది. పువ్వు ఫ్రేమ్‌లో మూడోవంతు లోపే ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను మనం సరిదిద్దే సెట్టింగ్) మైనస్ 2/3 నుంచి మైనస్ 1. పువ్వే ఫ్రేమ్ నిండితే లెక్క తిరగబడుతుంది: తెల్లదనాన్ని బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టినదంతా ఉంచే ఫైల్) తీయండి. హైలైట్ అలర్ట్ (వెలుగు మితిమీరిన చోటు చూపే హెచ్చరిక) ఆన్ చేసి, రేకు మీద నల్లగా మిణుకుమంటే మూడోవంతు స్టాపు చొప్పున తగ్గించుకుంటూ రండి. స్ప్రింగ్ బ్యూటీ రేకుల మీద సన్నటి గులాబి గీతలుంటాయి. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే మొదట మాయమయ్యేవి అవే. తెర మీద పెద్దది చేసినప్పుడు ఆ గీతలు కనిపిస్తే మిగతాదంతా సరిగా ఉన్నట్టే.

బ్లూబెల్స్ ఊదాగా రావడం ఆటో వైట్ బ్యాలెన్స్ పని. ఫ్రేమంతా నీలమైతే అది ఎర్రదనం కలిపి సరిచేయబోతుంది. డేలైట్‌లో, అంటే సుమారు 5200 కెల్విన్ దగ్గర, స్థిరంగా ఉంచేయండి. ఎక్స్‌పోజర్ చూసేటప్పుడు మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) పెట్టుకుని నీలం గీత కుడి గోడకు గుద్దుకోకుండా చూడండి. అన్నట్టు దీని మొగ్గలు గులాబి రంగులో ఉండి, విచ్చుకుంటూ నీలమవుతాయి. రెండూ ఉన్న గుత్తిని వెతకండి, పూర్తిగా నీలమైనదాని కన్నా అదే బాగుంటుంది.

ఫోకస్ సంగతికి వద్దాం. మీ 55–250 ఎస్‌టీఎమ్ రకమైతే ముందు ఫిల్టర్ బిగించే 58 మి.మీ. మర ఉంటుంది. దానికి కెనాన్ 500డి క్లోజప్ లెన్స్ (ఫిల్టర్‌లా బిగించేది, పవర్ 2 డయాప్టర్లు) సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా చాలు. కెమెరా బాడీకి కూడా 500డి అన్న పేరుంది, వెతికేటప్పుడు చూసుకోండి. లెక్క తేలిక: ఫోకల్ లెంగ్త్‌ను డయాప్టర్‌తో గుణించి 1000తో భాగించడమే. 250 మి.మీ. దగ్గర ఫోకస్ ఇన్ఫినిటీలో (అనంత దూరంలో) ఉంటే 0.5 రెట్లు, అంటే సెన్సర్ మీద పువ్వు అసలు సైజులో సగం, పువ్వుకి లెన్స్‌కి మధ్య అర మీటరు. మీ సెన్సర్ మీద ఫ్రేమ్‌లో సుమారు 45 × 30 మి.మీ. మేర పడుతుంది. విచ్చుకున్న బ్లడ్‌రూట్‌కు అది ఇంచుమించు నిండు ఫ్రేమ్. అర మీటరు దూరం ఉండటం వల్ల డిఫ్యూజర్‌కు చోటుంటుంది, చుట్టూ ఉన్న మొలకల మీద మోకాలు మోపే పనుండదు. 18–55 కి ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కి కెమెరాకి మధ్య బిగించే బోలు గొట్టం) పెడితే దగ్గరగా వస్తుంది కానీ లెన్స్ పువ్వు మీదకెక్కి కూర్చుంటుంది, దాని నీడే పడుతుంది. ఈ పనికి నేను దాన్ని వాడమనను.

ఆ 0.5 రెట్ల దగ్గర ఎఫ్/11 (అంకె పెరిగేకొద్దీ లెన్స్ కంత సన్నబడుతుంది) పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం రెండు మిల్లీమీటర్లు దాటదు. అందుకే ఏ పువ్వూ పూర్తిగా ఫోకస్‌లో రావట్లేదు. ఎఫ్/22 పెడితే డిఫ్రాక్షన్ (సన్నటి కంతలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం మసకబారుతుంది, అదీ దారి కాదు. ఉన్న రెండు మిల్లీమీటర్లను ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవాలి. సెన్సర్ పువ్వులోని ముఖ్యమైన తలానికి సమాంతరంగా ఉండాలి. డచ్‌మన్స్ బ్రీచెస్‌లో పూలు వంగిన కాడకు వరసగా వేలాడతాయి. ఆ వరసకు సమాంతరంగా కెమెరా పెడితే ఎఫ్/8లోనే అన్నీ పడతాయి, ఏటవాలుగా పెడితే ఎఫ్/16లో కూడా రెండే పడతాయి. బ్లడ్‌రూట్‌ను పక్క నుంచి తీస్తే, ఆకు కాడను శాలువాలా చుట్టుకుని ఉండటం కనిపిస్తుంది. అప్పుడు ముందు రేకు అంచు, కాడ ఒకే తలంలోకి తెచ్చుకుని వెనక రేకుల్ని వదిలేయండి. పై నుంచి తీస్తే ఫోకస్ పసుపు కేసరాల కొనల మీద, రేకుల మీద కాదు. కేసరాలు మసకగా ఉంటే మిగతాది ఎంత బాగున్నా కన్ను ఒప్పుకోదు.

కెమెరా పువ్వు ఎత్తుకి దిగాలి. నిలబడి కిందకు తీస్తే వెనక ఉండేది రెండంగుళాల దూరంలోని చెత్తే, ప్రతి ఎండుపుల్లా కనిపిస్తుంది. పువ్వు ఎత్తుకి దిగితే వెనక నేల మీటర్ల దూరం జరిగి మెత్తటి రంగుగా మారిపోతుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీ తీసేసి కాళ్లు పూర్తిగా పరవగలిగితే మంచిది, లేకపోతే కిలో బియ్యం పోసి కట్టిన గుడ్డసంచి చాలు. ట్రౌట్ లిల్లీ తల వంచుకుని ఉంటుంది, ఇంకా కిందకు వెళ్లాలి. కానీ కింద నుంచి పైకి చూస్తే వెనక తెల్లటి ఆకాశం వస్తుంది. చెట్టు మొదలో, గట్టో వెనక పడేలా చోటు మార్చుకోండి.

షేక్‌కి కారణాలు రెండు, మందు వేరు. కెమెరా కదిలితే ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్, షట్టర్ అదురు తగ్గించే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (అద్దమున్న కెమెరాలో లైవ్ వ్యూ). పువ్వు కదిలితే వీటిలో ఏదీ పనికిరాదు, షట్టర్ వేగం 1/250 సెకనుకి తగ్గకూడదు, అవసరమైతే ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600కి పెంచండి. మసకగా వచ్చిన పువ్వు కన్నా కాస్త చుక్కలు చుక్కలుగా వచ్చిన పువ్వు నయం. పువ్వు ఊగి మళ్లీ నిలిచే ఆ క్షణం కోసం ఆగి, నాలుగైదు ఫ్రేములు బర్స్ట్‌లో (ఆపకుండా వరసగా) కొట్టండి. గాలి వచ్చే వైపు సంచి పెట్టినా సగం ఊపు తగ్గుతుంది. తెల్లటి పారదర్శక గొడుగు ఉంటే గాలికీ ఎండకీ ఒకే అడ్డు. ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ జరుపుతూ తీసిన ఫ్రేముల్ని ఒకటిగా కలపడం) గురించి ఎవరో ఒకరు చెబుతారు. గాలి అస్సలు లేని తెల్లవారున ట్రిలియమ్ మీద, ఎఫ్/5.6లో పది పన్నెండు ఫ్రేములతో బ్రహ్మాండంగా వస్తుంది. బ్లడ్‌రూట్ విచ్చుకునే వేళకు గాలి లేస్తుంది కాబట్టి దాని మీద పెట్టుకోవద్దు.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక్క మాట: మాక్రో మోడ్ ఆపేయండి. అది అల్ట్రావైడ్ లెన్స్‌కు మారి, ఐఫోన్ 13 ప్రోలోనైతే 2 సెం.మీ. దాకా రమ్మంటుంది, ఫోన్ నీడ పువ్వు మీదే, వెనక అడవంతా ఫ్రేమ్‌లోనే. రెండు లేదా మూడు రెట్ల జూమ్ పెట్టి వెనక్కి జరగండి, రేకు మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుగు కిందకు జరపండి.

అడ్డొచ్చే పుల్లల్ని తీసి పక్కన పెట్టి తర్వాత మళ్లీ పరిచేయండి. పచ్చి ఆకుల్ని తుంచకండి, మెత్తటి దారంతో పక్కకు కట్టి, ఫొటో అయ్యాక విప్పేయండి. ట్రిలియమ్ గింజ నుంచి పువ్వు దాకా రావడానికి ఏడేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది, మొదట్లో ఒక్క ఆకుతోనే ఉంటుంది. మీరు బోర్లా పడుకోబోయే చోట అలాంటి ఒంటి ఆకులున్నాయేమో చూసుకోండి. బాట పక్కనే ఉన్న పువ్వుని ఎంచుకుంటే ఈ గొడవే లేదు.

చెట్ల మొదళ్లను పట్టుకుని పాకిన, నూగు వేళ్లున్న తీగ కనిపిస్తే ముట్టుకోకండి. ఆకు లేకపోయినా పాయిజన్ ఐవీ దురద పుట్టిస్తుంది. పిడుదులు ఏప్రిల్‌కే ఉంటాయి, వాటితో లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపి, బట్టలకూ బూట్లకూ ముందు రోజే 0.5 శాతం పర్మెత్రిన్ (పురుగుల మందు) కొట్టి ఆరబెట్టండి. ఇంట్లో పిల్లి ఉంటే తడి ఆరేదాకా దగ్గరికి రానివ్వకూడదు. ఇంటికొచ్చాక బట్టలు ఉతకక ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పితే పిడుదులు చస్తాయి. తడి బట్టలకైతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది.