చాట్ సర్వర్, గేమ్ కంట్రోలర్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్ర: దోస్తుల కోసం ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ప్రోసోడీ అనే చాట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి సొంతంగా ఎక్స్‌ఎంపీపీ (వేర్వేరు సర్వర్ల వాళ్లు మాట్లాడుకోగలిగే చాట్ పద్ధతి) చాట్ పెట్టుకున్నాం. ఇంటి వైఫైలో బాగానే నడుస్తోంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మాత్రం కలవడం లేదు. రూటర్‌లో పోర్టులు (బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే నంబరు ద్వారాలు) తెరిచినా అంతే.
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జ: ప్రోసోడీని అనుమానించే ముందు రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటర్‌కు బయటి వైపున్న ఇంటర్నెట్ అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, మీ బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నట్టు. దీన్నే సీజీన్యాట్ అంటారు. బయటి కనెక్షన్ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని అడ్రసు) అడగండి, లేదంటే చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్) అద్దెకు తీసుకోండి. పదిమంది చాట్‌కు 512 ఎంబీ ర్యామ్ సరిపోతుంది. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా చాట్ కూడా పోవద్దనుకుంటే వీపీఎస్సే మేలు.

ఫోన్లకు 5222, ఇతర సర్వర్లతో మాట్లాడటానికి 5269 తెరవాలి. మెసేజ్‌లు పోతూ ఫొటోలు పోకపోతే మరిచింది 5281. చాట్ అడ్రసులో @ తర్వాత వచ్చే డొమైన్ పేరు మాత్రం మీ సొంతానిదే పెట్టుకోండి, రేపు సర్వర్ మార్చినా ఎవరి చాట్ అడ్రసూ మారదు. ఇది వట్టి జాగ్రత్త కాదు. 2005లో వచ్చిన గూగుల్ టాక్ కూడా ఎక్స్‌ఎంపీపీనే వాడింది. 2013లో హ్యాంగవుట్స్ వచ్చాక బయటి సర్వర్లతో మాట్లాడే ఆ తలుపు మూసుకుంటూ పోయారు. సొంత డొమైన్ ఉన్నవాళ్ల అడ్రసులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆండ్రాయిడ్‌లో కాన్వర్సేషన్స్ అనే ఎక్స్‌ఎంపీపీ చాట్ యాప్ వాడితే దానికి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. మెసేజ్‌లు గంట ఆలస్యంగా వస్తున్నాయనే ఫిర్యాదు చాలాసార్లు అక్కడిదే. కొత్త ఫోన్‌లో పాత ఓమెమో (తాళం వేసి పంపే) మెసేజ్‌లు తెరుచుకోకపోవడం లోపం కాదు. వాటిని తెరిచే తాళంచెవులు పాత ఫోన్‌తోనే ఉండిపోతాయి.

ప్ర: డ్యూయల్‌షాక్ 4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కంట్రోలర్)లో ఎడమ స్టిక్ ముట్టుకోకున్నా బొమ్మ పక్కకు నడుస్తోంది. స్ప్రే కొడితే రెండు రోజులు ఆగి మళ్లీ మొదలైంది.
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జ: స్టిక్ అడుగున రెండు పక్కలా రెండు చిన్న పెట్టెలుంటాయి. అవే పొటెన్షియోమీటర్లు. ఒకటి అడ్డం కదలికను, ఇంకొకటి నిలువు కదలికను కొలుస్తుంది. లోపల కార్బన్ పూత మీద ఒక లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగినా, ఆ పొడి పేరుకున్నా విలువ నిలకడగా ఉండదు. విండోస్‌లో రన్‌లోకి వెళ్లి జాయ్.సీపీఎల్ (joy.cpl) తెరిచి, స్టిక్ వదిలేసి గుర్తు ఎటు జరుగుతుందో చూడండి. అడ్డంగా జరిగితే అడ్డం కొలిచేదాన్ని మాత్రమే తుడవాలి.

మామూలు తుప్పు స్ప్రే కొట్టొద్దు. అందులోని నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, మళ్లీ మొదలవడానికి అదే కారణం కావచ్చు. మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, స్టిక్‌ను ముప్పై సార్లు గుండ్రంగా తిప్పి, అరగంట ఆరనివ్వండి. దీన్ని చేసేముందే బ్యాటరీ తీగ ఊడదీయాలి. పైభాగాన్ని, కిందిభాగాన్ని కలిపే సన్నటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, మూత గబుక్కున లాగితే తెగుతుంది.

వారంలో మళ్లీ వస్తే పూత అరిగినట్టే. స్టిక్ మాడ్యూల్ మొత్తం మార్చాలి. 14 చోట్ల టంకం తీయాలి. బోర్డు గ్రౌండ్‌కు కలిసే కాళ్లు వేడిని మింగేస్తాయి, అక్కడ ఫ్లక్స్ (టంకం సులువుగా పారేందుకు వేసే పదార్థం) వేసి ఓపిగ్గా కరిగించండి, బలంగా లాగితే రాగి పూత లేచిపోయి బోర్డే పాడవుతుంది. మార్చేదేదో హాల్ సెన్సార్ మాడ్యూలే వేసుకోండి. అయస్కాంతంతో పనిచేస్తుంది, రాసుకునే కార్బన్ ఉండదు. వేశాక కాలిబ్రేషన్ (మధ్య స్థానాన్ని సరిచేయడం) చేయకపోతే స్టిక్ మధ్యకు రాదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఈ మాడ్యూల్ కోసం అడిగి చూడొచ్చు. అప్పటిదాకా గేమ్‌లో డెడ్‌జోన్ (స్టిక్ చిన్న కదలికలను గేమ్ పట్టించుకోని హద్దు) 10 శాతం పెట్టుకుని ఆడండి.

ప్ర: కంట్రోలర్‌ను తీగతో కలిపితే చార్జ్ అవుతుంది గానీ కంప్యూటర్ గుర్తించడం లేదు.
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జ: ముందు కేబుల్ మార్చండి. పవర్ బ్యాంకులతో వచ్చే కొన్ని కేబుళ్లలో చార్జింగ్ తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలుండవు. ఫోన్‌ను అదే కేబుల్‌తో కలిపి ఫైల్ బదిలీ ఆప్షన్ వస్తుందో లేదో చూస్తే తేలిపోతుంది.