పాత శక్తిమాన్ సెల్ఫ్ "టక్" అని ఊరుకుంటే మోటారు విప్పకండి, ముందు ఎర్త్ చూడండి

ఆర్మీ వేలంలో కొన్న శక్తిమాన్ లారీ, రెండు బ్యాటరీలూ కొత్తవి, లైట్లు బాగానే వెలుగుతాయి, తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ దగ్గర ఒక్క "టక్" అని ఊరుకుంటుంది, షాపులో సెల్ఫ్ మోటారు మార్చమంటున్నారు, మార్చేదా అని అడిగారు. ఇప్పుడే మార్చొద్దు. మేం ఆ మాట విని చేతులు కాల్చుకున్నాం.

మాది చిత్తూరు పక్కన. మా మామ తోతాపురి కాయలు తోలడానికని అచ్చం మీలాంటి బండే కొన్నాడు. జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందర లారీలు, ట్రాక్టర్లు ఎట్లా వరస కడతాయో ఈ పక్కవాళ్లకు చెప్పక్కర్లేదు. పావుగంటకోసారి పది గజాలు జరగాల. డీజిలు దండగని ఇంజను ఆపేస్తాం, జరిగేటప్పుడు మళ్లీ సెల్ఫ్ కొడతాం. ఆ రోజు నాలుగోసారికి టక్కుమంది, అంతే. వెనకాల ఒకటే హారన్లు. మిలటరీ బండి, పైన కాయల లోడు. పదిమంది తోసినా అంగుళం కదల్లేదు. చివరికి ట్రాక్టరుకు మోకు కట్టి లాగిస్తే స్టార్ట్ అయింది.

మరుసటి రోజు ఒక షాపులో చూపిస్తే ఆర్మేచర్, అంటే మోటారు లోపల తిరిగే భాగం, పోయిందన్నారు. వైండింగ్ చేసి, బ్రష్‌లు మార్చి బిగించినారు. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది, మళ్లీ అదే టక్. ఆ రెండు వారాలు ఎందుకు పనిచేసిందంటే, విప్పి బిగించేటప్పుడు అక్కడి కనెక్షన్లు కాస్త కదిలినాయి, అంతకుమించి ఏమీ లేదు. అది తర్వాత తెలిసింది.

తిరుపతి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆర్మీ బండ్లు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఆయప్ప స్పానరు ముట్టుకోలేదు, మీటరు తీసినాడు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి ఊరికే ఉన్నప్పుడు 25.4 చూపించింది. మామను తాళం తిప్పి పట్టుకోమన్నాడు. బ్యాటరీ దగ్గర 23కు దిగింది. సెల్ఫ్ మోటారు దగ్గర, లావు కేబుల్ బోల్టుకూ మోటారు బాడీకీ మధ్య పెడితే 16.

"ఏడు వోల్టులు యాడికి పోయినాయప్పా?" అన్నాడు మామతో.

ప్లస్ పక్కన, అంటే బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి మోటారు బోల్టు దాకా పోయింది 0.6 మాత్రమే. మైనస్ పోస్టుకూ మోటారు బాడీకీ మధ్య పెడితే 6.3. అంతా ఎర్త్‌లోనే, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దోవలోనే. "ఇంజను ఆపే వైరు పట్టుకో" అన్నాడు. మామ పట్టుకుని చేయి వెనక్కి లాక్కున్నాడు, అంత వేడి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కదా, ఛాసిస్‌కూ దానికీ మధ్య కరెంటుకు సరైన దోవ ఆ ఎర్త్ పట్టీ ఒక్కటే. అది మూసుకుపోతే కరెంటు దొరికిన సన్న వైర్లలో దూరుతుంది.

పట్టీ ఎందుకు చెడిందో చెప్తే నవ్వొస్తుంది. ఆలివ్ గ్రీన్ రంగు డిఫెన్స్ బండ్లకే, బయటివాళ్లు వేసుకోకూడదని మోటారు వాహనాల రూల్స్‌లోనే ఉంది. అందుకని మామ బండి కొనంగానే మొత్తం పెయింట్ కొట్టించినాడు. పెయింటరు ఛాసిస్‌కు నల్ల రంగు దట్టంగా పట్టించినాడు, ఎర్త్ బోల్టు మీద కూడా. రంగు సందుల్లోంచి నీళ్లు దిగి లగ్గు (పట్టీ చివర బోల్టుకు బిగించే రింగు) లోపలంతా పచ్చ చిలుము. మీ బండికీ రంగు మార్చే ఉంటారు కాబట్టి నా అనుమానం ముందు అక్కడే.

లైట్లు వెలుగుతున్నాయి కదా అనుకోకండి. బల్బుకు కొద్ది ఆంపియర్లు చాలు, ఈ సైజు సెల్ఫ్‌కు వందల్లో కావాల. చిలుము పట్టిన లగ్గు బల్బును వెలిగిస్తుంది, సెల్ఫ్‌ను తిప్పలేదు. ఇంకొకటి చూడండి, "టక్" అన్న క్షణంలో హెడ్‌లైట్లు బాగా డిమ్ము అవుతున్నాయా? అయితే బ్యాటరీనో, దాని పోస్టుల దగ్గరి లోపమో, మోటారు పట్టేయడమో. వెలుతురు పెద్దగా తగ్గకపోతే కరెంటు మోటారు దాకా పోవడం లేదు. ఎర్త్, కేబుల్, లేదంటే సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) లోపల రాగి బిళ్ల కాలి ఉంటుంది.

పైన చెప్పిన కొలతలే మీరూ తీయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టినాకే. ప్లస్ దోవలో ఒక వోల్టు, ఎర్త్ దోవలో అర వోల్టు కంటే ఎక్కువ పోకూడదు. రెండూ బాగుంటే సొలినాయిడ్ చిన్న టెర్మినల్ చూడండి. శక్తిమాన్ జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్పూర్‌లో తయారైన బండి. జర్మన్ పద్ధతిలో లావు కేబుల్ వచ్చే బోల్టు నంబరు 30, తాళం నుంచి వైరు వచ్చే దాని నంబరు 50. తాళం తిప్పినప్పుడు 50 దగ్గర బ్యాటరీ దగ్గరున్నంత వోల్టేజీ దాదాపుగా రావాల. బాగా తక్కువొస్తే తప్పు తాళం స్విచ్‌లో. స్క్రూడ్రైవర్‌తో 30, 50 కలిపి స్టార్ట్ చేసేవాళ్లున్నారు. గేర్లో ఉంటే బండి మీదికి దూకుతుంది, ఆ పని చేయొద్దు.

మా బండికి చేసింది ఇంతే: బ్యాటరీ మైనస్ ముందు విప్పి, ఛాసిస్ మీద రంగు ఎమ్రీ పేపరుతో లోహం మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ వేసి, బోల్టు బిగించినాక పైన గ్రీజు పూసినాం. వైండింగ్‌కు పోసిన డబ్బులో పదో వంతు కాలేదు.

మీ బండిలో పాటల డెక్ ఉందా? ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగి పెట్టి ఉంటే ముందు అది పీకండి. ఆ బ్యాటరీ ఎప్పుడూ అరకొర ఛార్జిలో ఉంటుంది, రెండోది ఓవర్‌ఛార్జై ఉడుకుతుంది. కొత్త జతైనా తొందరగా పోతుంది. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోతుంది. మామ డెక్ ఇప్పుడు దాని మీదే మోగుతా ఉంది.