జీబ్రా గీతల మీద ఆగినా సిగ్నల్ జంప్ చేసినట్టేనా?

ప్రశ్న: మాది మియాపూర్. రోజూ స్కూటీ మీద అమీర్‌పేట దాటి పంజాగుట్ట వైపు ఆఫీసుకు వెళ్తాను. పోయిన నెలలో ఒక సిగ్నల్ దగ్గర రెడ్ పడితే ఎడమ వైపు ఆగాను. నేను వెళ్లాల్సింది నేరుగా. ఫ్రీ లెఫ్ట్ (రెడ్ ఉన్నా ఎడమకు తిరిగే దారి) కోసం వెనక ఆటోవాళ్లు, బైకులవాళ్లు ఆపకుండా హారన్లు కొట్టారు. టెన్షన్ వచ్చి, దారి ఇద్దామని ముందుకు జరిగి జీబ్రా గీతల మీద నిలబడ్డాను. గ్రీన్ పడేదాకా అక్కడే ఉన్నాను. ఆ ఖాళీలో ఫోన్ తీసి మ్యాప్ చూసుకున్నాను. వారం తర్వాత మా వారి ఫోన్‌కు రెండు ఈ-చలాన్లు వచ్చాయి. ఒకటి సిగ్నల్ జంపింగ్, రెండోది సెల్‌ఫోన్ డ్రైవింగ్. బండి ఆయన పేరు మీద ఉంది. నేను సిగ్నల్ దాటనే లేదు కదా? బండి ఆగి ఉన్నప్పుడు ఫోన్ చూస్తే అది డ్రైవింగ్ ఎలా అవుతుంది? హారన్లు కొట్టినవాళ్లకు శిక్ష ఏమీ ఉండదా? ఆయన లైసెన్సుకు ఇబ్బంది వస్తుందా? ఎలాగూ డిస్కౌంట్ ఇస్తారు, అప్పటిదాకా కట్టొద్దని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ రెండు చలాన్లలో మొదటిదాని మీద గట్టిగానే అభ్యంతరం చెప్పవచ్చు. రెండోదాని మీద వాదించి ప్రయోజనం లేదని నా అభిప్రాయం. అందుకే రెండూ కలిపి ఒకేసారి కట్టేయకండి. చలాన్ అంటే పోలీసులు మీ మీద చేసిన ఆరోపణ మాత్రమే, కోర్టు తీర్పు కాదు. డబ్బు కడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద రాజీ చేసుకున్నట్టు, అంటే కోర్టుకు వెళ్లకుండా కేసు ముగించుకున్నట్టు. ఆ తర్వాత నేను దాటలేదు మొర్రో అన్నా వినేవాళ్లు ఉండరు.

ముందు సిగ్నల్ సంగతి. ఎర్ర దీపం పడితే స్టాప్ లైన్ (బండ్లు ఆగాల్సిన గీత) వెనక ఆగాలి. ఆ గీత తర్వాత ఉండే జీబ్రా గీతలు నడిచేవాళ్లవి. బండి ముందు చక్రం స్టాప్ లైన్ దాటిందంటే తప్పు జరిగినట్టే, అందులో సందేహం లేదు. అయితే అది ఏ తప్పు అన్నదే అసలు ప్రశ్న. ట్రాఫిక్ సంకేతాలను, డ్యూటీలో ఉన్న పోలీసు ఆదేశాలను పాటించాలని సెక్షన్ 119 చెబుతుంది. పాటించకపోతే సాధారణంగా సెక్షన్ 177 వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత దాని కింద మొదటిసారి గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. సిగ్నల్ జంపింగ్ వేరే కథ. అదే సవరణ దాన్ని సెక్షన్ 184 కింద ప్రమాదకరమైన డ్రైవింగ్ జాబితాలో చేర్చింది. మొదటిసారి దొరికినా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మన దగ్గర చలాన్ మీద కనిపించే మొత్తం రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన రాజీ రుసుము కాబట్టి ఈ తేడా అంత పెద్దగా కనిపించదు. కానీ సెక్షన్ మారితే నేరం బరువే మారిపోతుంది.

2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు అడ్డంగా పార్క్ చేసిన బండ్లు, ఆక్రమణల తొలగింపుకు 'రోప్' పేరుతో స్పెషల్ డ్రైవ్ మొదలుపెట్టినప్పుడు స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డు నిలబడితే 1,000 రూపాయలు అని ప్రకటించారు. అంటే గీత దాటి ఆగడాన్ని, ఎర్ర దీపం ఉండగా కూడలి దాటిపోవడాన్ని పోలీసులు కూడా వేర్వేరుగానే చూస్తున్నారు. మీ వాదనకు ఇదే బలం. మీరు కూడలి దాటలేదు, గ్రీన్ పడేదాకా అక్కడే ఉన్నానంటున్నారు. ఆ మాట నిజమైతే అది స్టాప్ లైన్ ఉల్లంఘన తప్ప జంపింగ్ కాదు.

దాన్ని రుజువు చేసేది ఫొటోనే. పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి ఫొటో చూడండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకండి. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు ఎక్కువయ్యాయి. ఫొటోలో బండి నంబరు మీదేనా, తేదీ, సమయం, స్థలం సరిగ్గా ఉన్నాయా, ఎర్ర దీపం కనిపిస్తోందా, మీ స్కూటీ ఎక్కడ ఉంది అన్నవి చూడండి. జీబ్రా మీద నిలబడి ఉన్న ఒక్క ఫొటోతో కూడలి దాటిపోయారని చెప్పడం కష్టం. కదలిక తెలియాలంటే రెండో ఫొటో గానీ, వీడియో గానీ కావాలి. అసలు అక్కడ స్టాప్ లైన్ కనిపిస్తోందా అన్నది కూడా గమనించండి. కొత్తగా తారు వేసిన రోడ్ల మీద నెలల తరబడి గీతలు గీయకుండా వదిలేయడం మన ఊళ్లో కొత్తేమీ కాదు. గీతే లేని చోట గీత దాటావని రుజువు చేయడం కష్టం. వీలైతే ఈ వారమే వెళ్లి ఆ చోటును మీరూ ఫొటో తీసి పెట్టుకోండి.

కెమెరాల ఆధారంగా వేసే చలాన్లకు 2021 ఆగస్టు నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ ఉంది. దాని ప్రకారం నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఏ నిబంధన ఉల్లంఘించారో అందులో రాయాలి, స్పష్టమైన ఫొటో జతచేయాలి. చలాన్ వ్యవహారం తేలేదాకా రికార్డును భద్రపరచాలి. వాడిన పరికరానికి ఏటా రెన్యువల్ చేసిన ఆమోద పత్రం ఉండాలి. మీకు వారంలోనే వచ్చింది కాబట్టి గడువు గొడవ లేదు. మిగతావి మాత్రం అడగవచ్చు. ట్రాఫిక్ విభాగానికి రాతపూర్వకంగా, చలాన్ నంబరు వేసి, 'నేను కూడలి దాటలేదు, ఆ సమయం నాటి సీసీటీవీ ఫుటేజీ భద్రపరచి పరిశీలించండి, సెక్షన్ సరిచేయండి' అని ఇవ్వండి. అందినట్టు రసీదు తీసుకోండి. కోర్టు దాకా వెళ్తే, డిజిటల్ ఫొటోకు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఉందా అని మీ వకీలు అడుగుతారు.

హారన్ల విషయానికొస్తే, మీ కోపం న్యాయమైనదే. అవసరం లేకుండా, ఆపకుండా హారన్ కొడితే సెక్షన్ 194ఎఫ్ కింద మొదటిసారి 1,000, మళ్లీ చేస్తే 2,000 రూపాయల జరిమానా చట్టంలో ఉంది. రెడ్ పడి ఇంకా నలభై సెకన్లు ఉందని బోర్డు మీద అంకె కనిపిస్తున్నా హారన్ మీద నుంచి బొటనవేలు తీయనివాళ్లను మనం రోజూ చూస్తూనే ఉంటాం. కెమెరాకు హెల్మెట్ లేని తల దొరికినంత తేలిగ్గా శబ్దం దొరకదు, అందుకే వాళ్లు తప్పించుకుంటున్నారు. అయినా వాళ్ల తప్పు మీ తప్పును కడిగేయదు. వెనకవాళ్లు తొందరపెట్టారు కాబట్టి గీత దాటానన్నది కోర్టులో జవాబు కాదు.

పైగా ఇక్కడ మొదటి పొరపాటు మీదే. నేరుగా వెళ్లాల్సినవాళ్లు ఫ్రీ లెఫ్ట్ దారిలో ఆగకూడదు. సిగ్నల్ ఇంకా దూరంగా ఉండగానే మధ్య లైన్లోకి మారాలి. మారే వీలు దొరక్క ఎడమ దారిలో ఇరుక్కుపోతే చట్టపరంగా ఇబ్బంది లేని దారి ఒక్కటే. ఎడమకే తిరిగిపోయి, ముందు యూటర్న్ తీసుకుని రావడం. పది నిమిషాలు పోతాయి, పంచ్ టైము దాటిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడే నిలబడి ఉంటే ఫ్రీ లెఫ్ట్ చలాన్, ముందుకు జరిగితే స్టాప్ లైన్ చలాన్ అయ్యేది.

వెనక ఉన్నది హారన్ కాకుండా అంబులెన్స్ సైరన్ అయితే నా జవాబు మారేది. ఈ ప్రశ్న చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతాను. అంబులెన్స్‌కు, ఫైరింజన్‌కు పక్కకు జరిగి దారి ఇవ్వకపోతే సెక్షన్ 194ఇ కింద 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే పక్కకు జరగమని చట్టం అంటోంది గానీ, ఎర్ర దీపం దాటి వెళ్లిపొమ్మని అనడం లేదు. ముందు పక్కకు జరగండి. వేరే మార్గమే లేక గీత దాటాల్సి వస్తే, అడ్డంగా వచ్చే బండ్లను చూసుకుని అవసరమైనంత మేరకే కదిలి ఆగండి. దానికి చలాన్ వస్తే నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 19 మీకు అండగా ఉంటుంది. పెద్ద హాని తప్పించడానికి, దురుద్దేశం లేకుండా, మంచి మనసుతో చేసిన పని నేరం కాదని ఆ సెక్షన్ చెబుతుంది. ఇలాంటి మినహాయింపులు మోటారు వాహనాల చట్టం లాంటి ప్రత్యేక చట్టాలకూ వర్తిస్తాయి. కూడలిలో ఉన్న కానిస్టేబుల్ చేయి ఊపి రమ్మంటే అప్పుడు కూడా మీ తప్పు ఉండదు, ఆయన ఆదేశాన్ని కూడా సెక్షన్ 119 పాటించమంటోంది. మీ విషయంలో ఈ రెండూ జరగలేదు.

ఇక ఫోన్. 'బండి కదలడం లేదు కదా' అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడడాన్ని కూడా సెక్షన్ 184 ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే లెక్కేస్తుంది. రెడ్ పడినప్పుడు వాడుకోవచ్చన్న మినహాయింపు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. మీరు రోడ్డు మధ్యలో, సీటు మీద, గ్రీన్ పడగానే కదలడానికి సిద్ధంగా ఉన్నారు. ప్రయాణం ఆగింది గానీ ముగియలేదు. బండి పక్కకు తీసి, స్టాండ్ వేసి ఫోన్ చూస్తే వాదనకు బలం ఉండేది. మీరైతే జీబ్రా మీదే ఉన్నారు!

మ్యాప్ కోసమే చూశానన్నారు. 2020 అక్టోబరు 1 నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చని నిబంధనల్లో చేర్చారు. కానీ ఏకాగ్రత చెడకుండా అని షరతు పెట్టారు. హ్యాండిల్ దగ్గర స్టాండులో బిగించి, బయలుదేరేముందే దారి పెట్టుకుంటే ఆ వెసులుబాటు వర్తిస్తుంది. చేతిలోకి తీసుకుని వేలితో జరుపుతూ ఉన్న ఫొటో ఉంటే ఆ వెసులుబాటు పనిచేయడం కష్టం. హెల్మెట్‌లో ఫోన్ దూర్చి మాట్లాడేవాళ్లు, మేం చేత్తో పట్టుకోలేదు కదా అంటుంటారు. ఆ వాదనను నెత్తినేసుకోమని నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను. ఫొటోలో ఫోన్ మీ చేతిలో స్పష్టంగా ఉంటే ఈ చలాన్ కట్టేయండి.

మీ వారి లైసెన్సు గురించి భయపడకండి. చలాన్ బండి నంబరును బట్టి యజమానికి వస్తుంది. ప్రమాదకరమైన డ్రైవింగ్ నేరం మాత్రం నడిపినవాళ్లది. పోలీసులు అడిగితే నడిపింది ఎవరో చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 133 కింద యజమాని మీద ఉంది. ఆయన దాచకూడదు, తన మీద వేసుకోనూ కూడదు. మీరు నడిపారని రాసి, మీ లైసెన్సు కాపీ జతచేస్తే చాలు. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రత కమిటీ 2015లోనే సిగ్నల్ జంపింగ్‌కు, సెల్‌ఫోన్ డ్రైవింగ్‌కు కనీసం 3 నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ చర్య వచ్చినా మీ లైసెన్సు మీదే వస్తుంది. అప్పుడు కూడా ముందుగా మీ వాదన చెప్పుకునే అవకాశం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 19 ప్రకారం ఇవ్వాల్సిందే. జంపింగ్ చలాన్‌ను సరిచేయించుకోమని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

మీ మరిది చెప్పిన డిస్కౌంటు 2022 మార్చిలో ఇచ్చారు, మళ్లీ 2023 డిసెంబరు చివర్లో ఇచ్చారు. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి 75 శాతం, రెండోసారి 80 శాతం తగ్గించారు. అది ప్రభుత్వం తలచుకుంటే ఇచ్చేది. మళ్లీ ఇవ్వమని అడిగే హక్కు మనకు లేదు. ఈలోగా కేసు మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లవచ్చు. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు పెండింగ్ చలాన్లు చూసి వెనక్కి తగ్గుతారు. జరిమానా మాత్రమే ఉన్న నేరాలను 6 నెలల్లోగా, ఏడాది దాకా జైలు పడే నేరాలను ఏడాదిలోగా కోర్టు విచారణకు స్వీకరించాలని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514 గడువు పెట్టిన మాట నిజమే. కానీ సరైన కారణం ఉంటే కోర్టు ఆ గడువును మన్నించగలదు. దాన్ని నమ్ముకుని నోటీసులు పక్కన పడేయకండి. ఫోన్ చలాన్ ఈ వారం కట్టేసి, జంపింగ్ చలాన్ మీద అభ్యంతరం ఇవ్వండి. సరిచేసి స్టాప్ లైన్ చలాన్ ఇస్తే అదీ కట్టేయండి. ఒప్పుకోకుండా కేసు కోర్టుకు పంపితే సమన్లు అందిన తేదీకి ఫొటోలు, రసీదు, మీ లైసెన్సు తీసుకుని హాజరవ్వండి.