మిథున రాశికి ఆస్పిరిన్ పనిచేయదా?

ప్రశ్న: నా వయసు 58. ఏడాదిన్నర క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పట్నుంచీ రోజూ ఆస్పిరిన్ 75 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నాను. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ పనిచేయదని పెద్ద పరిశోధనలోనే తేలిందంటూ మా బావమరిది వాట్సప్‌లో పంపాడు. నాది మిథున రాశే. మాత్ర మానేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: మానకండి. స్టెంట్ ఉన్నవారు సొంతంగా ఆస్పిరిన్ ఆపేస్తే అందులో రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావొచ్చు. అయితే మీ బావమరిది పంపింది ఉత్త పుకారేం కాదు. ఆ పరిశోధన నిజంగానే ఉంది. రాశుల ముచ్చట అందులోకి ఎందుకొచ్చిందో ఆయన చదివినట్టు లేదు.

అది 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఐసిస్-2 అధ్యయనం. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రుల్లో చేరిన 17,187 మందిని లాటరీ తీసినట్టు విడదీసి, సగం మందికి నెల రోజులు ఆస్పిరిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుతో ఆస్పిరిన్ వాడినవారిలో 804 మంది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 1,016 మంది చనిపోయారు.

ఈ తేడా మందు మహిమా, కాకతాళీయమా? తేల్చడానికి ముందు 'మందు ఏమీ చేయదు' అనే అనుకుంటారు. అదే నిజమైతే ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, ఊరికే వచ్చే అవకాశమెంతో లెక్కగడతారు. దాన్నే పి-విలువ అంటారు. (మందు పనిచేయకపోయే అవకాశమే పి-విలువ అని మా డాక్టర్లలోనూ కొందరు పొరబడుతుంటారు. కాదు.) మామూలుగా 5 శాతం లోపుంటే మొదటి అనుకోలును వదిలేస్తారు. ఇక్కడ లక్షలో ఒక వంతు కంటే తక్కువే వచ్చింది.

ఫలితాలను రోగుల రకాలవారీగా విడగొట్టి చూపమని పత్రిక సంపాదకులు అడిగారు. అలా ముక్కలు చేస్తే తప్పుదారి పడతామని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ పీటో, ఆయన సహచరులు రాశులవారీ లెక్క కూడా వేసి చూపించారు. మిథున, తులా రాశుల్లో ఆస్పిరిన్ వాడినవారిలోనే మరణాలు కాస్త ఎక్కువ కనిపించాయి! మిగతా రాశులన్నీ కలిపితే మంచి మేలు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే తెలుస్తుంది గానీ, మనుషులు ఒకే కుండలో ఉడికిన మెతుకులు కారు. గుంపు చిన్నదయ్యేకొద్దీ అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. ఉన్న మేలూ కనపడకుండా పోతుంది. దీనికి తిరగేసీ జరుగుతుంది: అసలు పనికిరాని మందునే పన్నెండు రాశుల్లో విడివిడిగా పరీక్షిస్తే, ఎక్కడో ఒకచోట 'తేడా ఉంది' అని తప్పుగా తేలే అవకాశం దాదాపు 46 శాతం.

అన్నట్టు, వాళ్లు రాశిని సూర్యుణ్ణి బట్టి చూస్తారు, మనం చంద్రుణ్ణి బట్టి. వాళ్ల లెక్కలో మీది మిథునమో కాదో!

కడుపులో మంట, నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే చూపించుకోండి. పన్ను తీయించుకోవాల్సి వచ్చి మాత్ర ఆపమంటే, ముందు మీ కార్డియాలజిస్టుకు ఫోన్ చేసి అడగండి.