28 అంగుళాల పెట్టె, మా అత్తగారి సానరాయి

భువనేశ్వర్ నుంచి మొదటిసారి విమానం ఎక్కబోతున్నాం, 20, 24, 28 అంగుళాల్లో ఏ సూట్‌కేసు కొనాలి, అదనపు లగేజీకి డబ్బు కట్టకుండా ఎలా వెళ్లాలి అని అడిగారు. 24 కొనండి. 28 మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. నేను ఊరికే వచ్చినదాన్నే తీసుకుని నాలుగు వేలు కట్టాను.

మాది బరంపురం. మా వాళ్లందరం ఇన్నేళ్లూ రైలు మనుషులమే. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కామంటే బెంగళూరులో దిగడమే. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల వరకే ఉచితం అని రూలుంది గానీ, నా 54 ఏళ్లలో ఆ సామాను కాటా వేసి చూసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. బియ్యం మూట, ఊరగాయ జాడీ, పనసకాయ, ఏదైనా సరే సీటు కిందికి తోసేస్తే అయిపోయేది. ఆ చేత్తోనే విమానానికీ సర్దుతాం. అక్కడే దెబ్బ తింటాం.

బెంగళూరులో ఉండే మా అమ్మాయి పురుడప్పటి సంగతి ఇది. తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలని మా అత్తగారి పట్టు. అంత దూరం ప్రయాణం వద్దని అక్కడి డాక్టరు అన్నారు. సరే, పుట్టిల్లే బెంగళూరు వెళ్లాలని తేలింది. పుట్టిల్లంటే నేనూ, ఒక పెట్టెడు సామానూ.

ఆ పెట్టె మా ఆడపడుచు కొడుకు అమెరికా నుంచి తెచ్చి మా అటక మీద వదిలేసింది. 28 అంగుళాలు, గట్టి ప్లాస్టిక్కు, నాలుగు చక్రాలు. చూడ్డానికి చిన్న బీరువాలా ఉంటుంది. అమెరికా టికెట్లకి మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు కాబట్టి వాడికి అది సరిపోయింది. మనకి దేశం లోపల మామూలు టికెట్టు మీద 15 కిలోలే. ఆ పెట్టె ఖాళీగానే ఐదు కిలోలకి కాస్త తక్కువ. ఒక్క అప్పడం పెట్టకముందే మూడో వంతు హాంఫట్. ఇది నాకు తర్వాత తెలిసింది.

సర్దడం మా అత్తగారే మొదలుపెట్టారు. ఆవకాయ రెండు కిలోలు, పెద బజారు అప్పడాలు, గుమ్మడి వడియాలు, బాలింత కాయం, సొంఠి, కరక్కాయ, వస కొమ్ము, బిడ్డ పొత్తిళ్లకని మెత్తబడిన పాత నూలు చీరలు ఎనిమిది. బెంగళూరులో అప్పడాలు దొరకవా అంటే, దొరికేవి అప్పడాలు కావు అన్నారు. ఆ మాటలో మాత్రం నేను ఆవిడ పక్షమే. పెట్టెలో ఖాళీ కనిపిస్తే మా అత్తగారికి మనవరాలి కడుపు ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. "ఇంకా చోటుంది కదే, ఇది కూడా పెట్టు" అంటూ రెండు రోజులు సర్దారు. పెద్ద పెట్టెతో వచ్చే చిక్కే ఇది. అది నిండేదాకా ఎవరూ ఆగరు.

బరువెంతో చూడమంటే మా ఆయన ఒంటి చేత్తో ఎత్తి "పద్నాలుగు" అన్నారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చూసిన మనిషి కదా అని నమ్మాను. మా సందు చివర కిరాణా కొట్టులో కాటా ఉంది, నాలుగడుగులు. వెళ్లలేదు.

కారులో చిలికా పక్క నుంచి మూడు గంటలు ప్రయాణం చేసి భువనేశ్వర్ విమానాశ్రయంలో దిగాను. నన్ను దింపేసి ఆయన వెనక్కి బయల్దేరారు. కౌంటర్లో పెట్టె పెట్టగానే ఎర్రంకెల్లో 22.3 అని పడింది. ఆ అమ్మాయి పాపం మెల్లిగానే, "మావుసీ, సాత కిలో బేశీ" అంది. ఏడు కిలోలు ఎక్కువట. కిలోకి ఐదొందల పైన. తీసేసేవి ఉంటే తీసుకోండి, లేదంటే డబ్బు కట్టండి అంది.

పక్కకి లాగి నేల మీద పెట్టె తెరిచాను. చుట్టూ జనం. పై వరసలో మా అత్తగారి పాత చీరలు. వాటి కింద ఇంకో చీర, గట్టిగా చుట్టి తాడుతో కట్టి ఉంది. అది నేను పెట్టలేదు. విప్పితే సానరాయి. రెండున్నర కిలోలుంటుంది. ఫోన్ చేశాను.

"అత్తా, రాయి పెట్టారేంటి?"

"పసిదానికి వస దేంతో అరగదీస్తావే, మిక్సీలోనా?"

దానికి జవాబు లేదు. ఆ రాయి మా అత్తగారికి వాళ్ల అత్తగారిచ్చింది. చెత్తడబ్బా పక్కన వదిలేసి రాలేను. మా ఆయన అప్పటికే ఖుర్దా దాటేశారు. చేతిసంచిలో వేసుకుందామా అంటే అదే ఆరు కిలోలుంది, ఏడు దాటకూడదు. పైగా అంత రాయి సంచిలో పెట్టుకుని సెక్యూరిటీ వాళ్ల ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. ఆవకాయ చేతిసంచిలోకి మారుద్దామంటే నూనె సరుకు, అక్కడ ఆపేస్తారని భయం. కట్టాను. నాలుగు వేలు, పైన చిల్లర. ఇంకా నయం, ఆ అమ్మాయి ఎండుకొబ్బరి, పవర్ బ్యాంకు ఉన్నాయా అని అడిగింది. నాలుగు ఎండుకొబ్బరి చిప్పలు తీయించింది. ఎండుకొబ్బరి నూనె సరుకు, తనంత తానే వేడెక్కి అంటుకోగలదని దాన్ని ప్రమాదకరమైన సరుకుల్లో చేర్చారట. మన వంటింట్లో ఏళ్ల తరబడి డబ్బాలో బుద్ధిగా కూర్చునేది! పవర్ బ్యాంకు అయితే కౌంటర్లో అప్పగించే పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

బెంగళూరులో పిల్లల డాక్టరు ఏమన్నారో తెలుసా? ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క వెయ్యొద్దు, వస గిస అసలే వద్దు అన్నారు. ఇప్పుడా సానరాయి మా అమ్మాయి ఇంట్లో బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఉంది.

మీ ప్రశ్నకి వస్తాను. 24 ఎందుకంటే, గుడ్డ పెట్టె అయితే ఖాళీగా మూడు కిలోల చుట్టూ ఉంటుంది. బట్టలూ నాలుగు తినే సరుకులూ నింపితే పదిహేను దగ్గరే ఆగుతుంది. పెట్టే మనకి దడి అన్నమాట. ఎలాగూ తూచుకుంటాం కదా, పెద్దదైతే ఏం అని మీకనిపించవచ్చు. తూచుకుంటారు, చోటు ఉంటే మళ్లీ ఇంకోటి పెడతారు. మనుషులు నాకు తెలుసు. కొట్టువాళ్లు మూడు సైజులూ ఒకదానిలో ఒకటి పెట్టి సెట్టుగా అమ్మజూస్తారు, పెద్దది ఎప్పటికైనా పనికొస్తుందంటారు, దాని మీదెక్కి గెంతి మరీ చూపిస్తారు. విమానంలో పెట్టె మీద ఎవరు గెంతుతారండీ? మీరు ఖాళీ బరువెంత అని అడగండి, మాట మార్చేస్తారు.

20 అంగుళాలది చేతిపెట్టె. 55, 35, 25 సెంటీమీటర్లు దాటకూడదు, చక్రాలూ పిడీ కలిపి. దాని మీద "క్యాబిన్ సైజు" అని రాసి ఉంటే నమ్మకండి, టేపు పట్టుకెళ్లండి. కౌంటర్లో అప్పగించే పెట్టెకి మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లు అని చాలాచోట్ల లెక్క. కొన్ని 28 అంగుళాల పెట్టెలు చక్రాలతో ఆ గీత దాటేస్తాయి, బరువు సరిపోయినా అక్కడ దొరికిపోతాం. ఇంకో సంగతి, కొన్ని టికెట్ల మీద ఆ 15 కిలోలూ ఒకే పెట్టెలో ఉండాలి. రెండు చిన్న సంచులు చేసి తెలివి చూపిస్తే రెండోదానికి వేరే రుసుము. టికెట్టు మీద చదువుకోండి.

కొక్కేనికి తగిలించి తూచే చిన్న కాటా ఒకటి కొనండి, మూడు నాలుగొందలకి వస్తుంది. అది లేకపోతే ఒళ్లు తూచుకునే మిషను మీద పెట్టెతో ఎక్కి, పెట్టె లేకుండా ఎక్కి తీసేయండి. ఎక్కువ అవుతుందని ముందే తెలిస్తే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో అదనపు కిలోలు కొనేయండి, కౌంటర్లో కన్నా తక్కువే పడుతుంది.

ఊళ్లో మాత్రం ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పకండి. "మా బాబుకి చిన్న పొట్లం" అంటూ వస్తారు. చిన్న పొట్లం అన్నది ఏదీ కిలోకి తగ్గదు. మా వెనకింటావిడ చిన్న పొట్లం అని రెండు కిలోల జీడిపప్పు తెచ్చింది. లోపల ఏముందో మనం చూడం, విమానాశ్రయంలో మనదేనా అంటే మనదే అనాలి. మొహమాటం వద్దు.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. 24 కొన్నాను, గుడ్డది, ఖాళీగా మూడు కిలోల రెండొందలు. మొన్న రాత్రి మా అత్తగారు దాన్ని తెరిచి చూసి, "ఇందులో ఏం పడతాయే" అని మూసేశారు. సానరాయి మాత్రం మర్చిపోకుండా తెచ్చెయ్యమన్నారు. అందుకే తిరుగు టికెట్టు ప్రశాంతిలో తీశాను.