కొత్త యంత్రం వస్తే ఉద్యోగం పోతుందా?

చాలా సందర్భాల్లో యంత్రం లాక్కునేది ఉద్యోగాన్ని కాదు, అందులోని కొన్ని పనులను. ఏ కొలువైనా పది రకాల పనుల మూట. వాటిలో ఒకే తీరుగా మళ్లీ మళ్లీ చేసేవి యంత్రానికి సులువు. ఎదుటివారి ఇబ్బందిని అర్థం చేసుకోవడం, అనుకోని చిక్కును విప్పడం, తప్పు జరిగితే జవాబు చెప్పడం మనిషి వంతుకే మిగులుతాయి.

ఏటీఎంల సంగతే చూడండి. 1967లో లండన్‌లో మొదటిది వచ్చింది. తర్వాత అమెరికాలో అవి వీధివీధినా వెలిశాయి. ఒక్కో బ్యాంకు శాఖలో క్యాషియర్లు తగ్గిన మాట నిజమే. కానీ శాఖ నడిపే ఖర్చు తగ్గడంతో బ్యాంకులు మరిన్ని శాఖలు తెరిచాయి. దాంతో దేశం మొత్తం మీద క్యాషియర్ల సంఖ్య దశాబ్దాల పాటు పడిపోలేదు. నోట్లు లెక్కపెట్టిన చేతులే రుణ దరఖాస్తులు నింపించసాగాయి. అసలు తగ్గుదల 2010 తర్వాతే. బ్యాంకు పని ఫోనులోకి వచ్చేసరికి శాఖ గడప తొక్కే అవసరమే తగ్గింది.

లోకంలో పని ఇంతేనని, యంత్రం కొంత తింటే మనకు అంత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇదే అపోహ. ఖర్చు తగ్గితే గిరాకీ పెరిగి కొత్త పని పుడుతుంది. అయితే అది పాత ఉద్యోగికే దక్కుతుందన్న హామీ లేదు (ఆశావాదులు దాటవేసే మాట ఇదే). ఇక కొలువంతా ఒకే పని అయినచోట ఉద్యోగమే మాయమవుతుంది, లిఫ్టు నడిపేవారికి జరిగినట్టు.