ముసిదోరా కోసం మూడో భాగం దాకా ఆగండి

‘లే వాంపీర్’ రెండు భాగాలు చూసినా నటి ముసిదోరా జాడ లేదు, ప్రింటు అసంపూర్ణమా అని అడిగారు. మీ ప్రింటు నిక్షేపంగా ఉంది. ఫ్రెంచ్ దర్శకుడు లూయీ ఫొయాద్ తీసిన ‘లే వాంపీర్’ (1915–16) పది భాగాల మూకీ సీరియల్. ఆమె వేసిన ఇర్మా వెప్ పాత్ర మూడో భాగంలోగానీ రాదు. పేరు చూసి రక్తం తాగే దయ్యాల కోసం మాత్రం ఎదురుచూడకండి, ఈ ‘వాంపీర్’లు పారిస్‌ను హడలెత్తించే దొంగల ముఠా! ఒంటికి అతుక్కున్న నల్ల దుస్తుల్లో, ముసుగులోంచి ఆ కళ్లు చూస్తుంటే మాటలు లేని లోటే తెలియదు. ఆ తర్వాత ఫొయాద్ ఆమెతోనే తీసిన మరో సీరియల్ ‘జూడెక్స్’ చూడండి.

ముసిదోరా అసలు పేరు జాన్ రోక్ (1889–1957). ఆమెను ఆ నల్ల దుస్తులకే పరిమితం చేయడం నాకు నచ్చదు. 1920లలో స్పెయిన్‌లో స్వయంగా సినిమాలకు దర్శకత్వం వహించారు. మలివయసులో పారిస్‌లోని సినిమాల భాండాగారం సినిమాథెక్ ఫ్రాంసేజ్‌లో పనిచేశారు.